చక్రవర్తి మెడ మీద గాటు

లేబొరేటరీ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు, "మేడం, మీరు ఏయే మిషన్ల మీద పనిచేశారు?" అని అడుగుతారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మిషన్లు ఇప్పుడు తుక్కు దుకాణంలో కూడా దొరకవు, వాటి పేర్లు మీకెందుకు? ఈ పనిలో నేను నేర్చుకున్నదంతా ఒక త్రాసు, నాలుగు గాజు బీకర్లు, ఒక భూతద్దం ముందు నేర్చుకున్నదే. అందులో సగం ఒక చిన్న వెండి నాణెం దగ్గర నేర్చుకున్నాను. ఆ సంగతే రాస్తాను. ప్రమోషన్లూ ఇంక్రిమెంట్లూ రాయను. అవి నాకే గుర్తు లేవు.

రాళ్ళు ఏరిందెవరు?

తొంభైల మొదట్లో నేను హిందీ మాట్లాడే ప్రాంతంలో, ఫ్యాక్టరీల పేట అయిన హథ్‌ఖోజ్‌లో ఒక ప్రైవేటు టెస్టింగ్ ల్యాబులో కెమిస్టుని. చుట్టూ చిన్న చిన్న ఫౌండ్రీలు, వర్క్‌షాపులు. వాళ్ళు పోసిన ఇనుములో కార్బన్ ఎంత, సిలికాన్ ఎంత అని చూసి చెప్పడం మా పని. మా రిపోర్టు ఉంటేనే వాళ్ళ సరుకు కొనేవాడి గేటు దాటేది. రిజల్టు బాగుంటే మమ్మల్ని దేవుళ్ళనేవారు, బాగుండకపోతే మా బ్యూరెట్టు సరిగ్గా లేదనేవారు. ఒక ఫౌండ్రీ ఓనరైతే నమూనా బల్ల మీద పెట్టి, "దీదీ, కిత్నా ఆనా చాహియే, వో భీ బతా దూఁ?" అనేవాడు. ఎంత రావాలో అదీ నేనే చెప్పెయ్యనా అని! అందరూ నవ్వేవారు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

ఆ ల్యాబుకి ఓనరూ, పెద్ద కెమిస్టూ, నా గురువూ అన్నీ జోగారావుగారే. విజయనగరం మనిషి. నోరు పెద్దది, చెయ్యి నాజూకు. తిడితే రోడ్డు మీదకి వినపడేది. అదే మనిషి చుక్క చుక్కగా యాసిడ్ వేస్తుంటే చూడముచ్చటగా ఉండేది.

నేను చేరిన కొత్తలో నందిని గనుల వైపు నుంచి ఒక సున్నపురాయి వ్యాపారి సంచీ నిండా రాళ్ళు తెచ్చాడు. నేను వాటిని నలగ్గొట్టి, యాసిడ్‌లో కరిగించి, లెక్క తేల్చి, ఎంత మంచి రాయో అని మురిసిపోతూ రిపోర్టు పట్టుకెళ్ళాను. జోగారావుగారు రిపోర్టు ముట్టుకోలేదు. సంచీ వైపు చూశారు.

"ఈ రాళ్ళు ఏరిందెవరు?"

"ఆ వ్యాపారే తెచ్చాడండి."

"అదే అడుగుతున్నాను. లారీలో తెల్లగా ఉన్నవి ఏరుకొచ్చాడా, కళ్ళు మూసుకుని తీశాడా? నువ్వు రాసింది రాయి సంగతి కాదు వరలక్ష్మీ, వాడి చేతి సంగతి. నమూనా వెనకాల ఏటుందో అడక్కుండా సంతకం పెడితే, నిజం రాసి కూడా అబద్ధం ఆడినట్టే."

వెంటనే నన్ను స్కూటరు మీద ఎక్కించుకుని లారీ దగ్గరికి తీసుకెళ్ళారు. పైనుంచీ, మధ్యనుంచీ, అడుగునుంచీ రాళ్ళు తీయించారు. రిజల్టు మారిపోయింది. వ్యాపారి ముఖం కూడా మారిపోయింది. ఆ రోజు ఆయన మీద నాకు పుట్టిన గౌరవం ఇప్పటికీ పోలేదు. తర్వాత జరిగిందంతా ఆ గౌరవంతోనే రాస్తున్నాను.

గాటు లేని నాణెం

జోగారావుగారి ప్రాణం ల్యాబులో ఉండేది కాదు. ఇంట్లో ఇనప్పెట్టెలో ఉండేది. ఆయన రోమన్ వెండి నాణేలు కూడబెట్టేవారు. రెండు వేల ఏళ్ళ కిందట మన మిరియాలూ బట్టలూ కొనుక్కోవడానికి ఓడల్లో వచ్చిన నాణేలవి. పావలా బిళ్ళంత ఉంటాయి. ఒక పక్క తలకి ఆకుల దండ కట్టుకున్న చక్రవర్తి, రెండో పక్క కుర్చీలో కూర్చున్న ఒక ఆడమనిషి. సుత్తితో కొట్టి ముద్ర వేసినవి కాబట్టి ఒకటి ఉన్నట్టు ఇంకోటి ఉండదు. ఒకదాని అంచు చిట్లి ఉంటుంది, ఇంకోదాని మీద అక్షరాలు సగంలో తెగిపోతాయి.

టీ తాగేటప్పుడు ఆయన ఆ కథలు చెప్పేవారు. "మనోళ్ళు తక్కువోళ్ళు కాదు. చక్రవర్తి బొమ్మయితే మాకేటి అని ఉలితో ఒక గాటు పెట్టి లోపల చూసీవోరు. లోపల కూడా తెల్లగుంటే వెండి. ఎర్రగుంటే రాగి బిళ్ళకి వెండి రేకు చుట్టిన దొంగ నాణెం." అప్పుడూ దొంగ నాణేలుండేవా అని నేనంటే, "డబ్బు పుట్టిన రోజే దొంగ డబ్బూ పుట్టింది" అని నవ్వేవారు. ఆయన దగ్గరున్న చాలా నాణేలకి గాట్లుండేవి. గాటు లేని నాణెం ఒక్కటి దొరికితే చాలని ఆయన ఆశ.

అది నాగపూర్ నుంచి వచ్చే ఒక పాత సామాన్ల వ్యాపారి జేబులో దొరికింది. మర్నాడు ల్యాబుకి తెచ్చి నా అరచేతిలో పెట్టారు. నల్లబడిన వెండి, మెడ వెనకాల దండ తాలూకు రిబ్బను జారినట్టు ఒక సన్నని గీత, ఎక్కడా గాటు లేదు. ఎవరో మెళ్ళో వేసుకోవడానికి పైన చిన్న రింగు మాత్రం అతికించారు. ప్రతి నాణేనికీ చేసినట్టే వేడి లక్క మీద దాన్ని రెండు వైపులా నొక్కి ముద్ర తీసుకున్నారు.

"ఎక్కడ దొరికిందటండి?" అన్నాను.

"ఏదో పొలం దున్నుతుంటేనట," అని చెయ్యి ఊపేశారు.

రాళ్ళు ఏరిందెవరని సున్నపురాయి వ్యాపారిని నిలదీసిన మనిషి నాణేల వ్యాపారిని ఒక్క ముక్క అడగలేదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టయింది. పిల్లలూ, మనం దేన్ని గట్టిగా కావాలనుకుంటామో దాన్ని పరీక్ష చెయ్యం. నేను చూసినంతలో తెలివైనవాళ్ళకే ఈ జబ్బు ఎక్కువ.

ఆచారి మెరుగు

ఆ రింగు ఆయన కంట్లో నలుసైంది. తీయించాలన్నారు. మేముండే ఖుర్సీపార్ పేట సందులో అప్పలాచారి ఉన్నాడని నేనే చెప్పాను. శ్రీకాకుళం నుంచి వచ్చిన వెండి పనివాడు. నా కాళ్ళ పట్టీలు చేసింది అతనే. పొట్టి మనిషి, పెద్ద గొంతు, ఎవరు ఏ సంగతి మాట్లాడినా మధ్యలో దూరేవాడు. అతని దుకాణానికి ఒక ఆచారం ఉంది. మువ్వ ఊడిందని ఇచ్చినా సరే, ఆ వస్తువుని కుంకుడు రసంలో వేసి ఇత్తడి బ్రష్షుతో తోమి, తళతళలాడించి గులాబీ కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. ఎవరూ అడగక్కర్లేదు. "మెరుగెట్టకుండా తిరిగిస్తే లచ్చిందేవిని మాసిన సీరతో అంపినట్టు" అనేవాడు.

నేనూ జోగారావుగారూ కలిసే వెళ్ళాం. నాణెం చేతిలోకి తీసుకోగానే ఆచారి అలవాటుగా త్రాసు జరిపాడు.

"తూకం ఎందుకోయ్?" అన్నారు జోగారావుగారు. "వరలక్ష్మి చెప్పింది. నమ్మకం మీద ఇస్తున్నాను. రింగొక్కటి తియ్యి."

ఆచారి పొంగిపోయాడు. త్రాసు పక్కకి జరిపేశాడు.

రెండు రోజులాగి మళ్ళీ వెళ్ళాం. ఆచారి గులాబీ కాగితం విప్పాడు. నాణెం కొత్త పట్టీలాగ మెరుస్తోంది, నలుపు మచ్చుకి కూడా లేదు. చక్రవర్తి మెడ మీద మాత్రం అడ్డంగా ఒక గాటు నోరు తెరుచుకుని ఉంది. గాటు లోపల ఎర్రగా రాగి.

జోగారావుగారు నాణేన్ని రెండు వైపులా తిప్పి చూశారు.

"ఇది నాది కాదు," అన్నారు చివరికి.

"అదే బాబూ. రింగు ఊడ్డానికి ఊదుగొట్టంతో కూసింత నిప్పు సూపించాను. మెడకాడ ఇలగ తెరుచుకుంది. ఏటయిందో నాకూ తెలీనేదు."

"మరి ఆ నలుపేది?"

"తోమినాను బాబూ. మెరుగెట్టకుండా ఎలగిస్తాను?"

అంతవరకూ తెలుగులో మాట్లాడిన జోగారావుగారు ఒక్కసారి లేచి సందు మధ్యలోకి వెళ్ళి హిందీలో అరిచారు. "యే ఆద్మీ చోర్ హై! ఇస్‌నే మేరా సిక్కా బదల్ దియా!" వీడు దొంగ, నా నాణెం మార్చేశాడు అని. తెలుగులో అంటే సందులో సగం మందికే అర్థమయ్యేది. హిందీలో అనేసరికి పాన్ డబ్బా బిహారీ భయ్యా దగ్గర్నుంచి కూరలమ్మే ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళ దాకా అందరూ తలలు తిప్పారు. ఆచారికి అంత పెద్ద గొంతూ పోయింది. ఉత్తినే జేబులు తడుముకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉందని ఎవరో అన్నారు. భయపడ్డవాడు కూడా భుజాలు తడుముకుంటాడని నేను గట్టిగా అనాల్సింది. అనలేదు.

మర్నాడు పొద్దున్న నేను డ్యూటీకి బయల్దేరేసరికి ఆచారి దుకాణం ముందు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. రిపేరుకిచ్చిన పట్టీలూ మొలతాళ్ళూ పనవకపోయినా ఫర్వాలేదు, తిరిగి ఇచ్చెయ్యమంటున్నారు. ఆచారి ఒక్కొక్కటీ తీసి ఇస్తున్నాడు. మెరుగు కూడా పెట్టలేదు. వెండి పనివాడికి దొంగన్న పేరొస్తే ఇక ఆ ఊళ్ళో బతుకు లేదు.

ఒక్క వాక్యం

ల్యాబులో నా బల్ల మీద ఆ నాణెం ఉంది. పక్కనే జోగారావుగారు.

"లోపల ఏటుందో చూసి రాయి. ఎక్కువేం అక్కర్లేదు. పైన వెండి, లోపల రాగి అని ఒక్క వాక్యం చాలు. సాయంత్రం దాంతో ఠాణాకి వెళ్తాను."

చూశాను. పైన వెండే, లోపల రాగే. ఆయన అడిగిన వాక్యం అక్షరం పొల్లుపోకుండా నిజం. కాని ఆ వాక్యం ఠాణాలో బల్ల మీద పడితే దాని అర్థం వేరు. వెండి నాణెం ఇచ్చారు, రాగిది తిరిగొచ్చింది, ల్యాబు కూడా అదే చెప్పింది అని అర్థం. నా సంతకంతో ఒక మనిషి లాకప్‌లోకి వెళ్తాడు. కలం తీసి బల్ల మీద పెట్టాను. మళ్ళీ తీశాను.

కిటికీలోంచి చూస్తే గేటు పక్కన ఇసుక కుప్ప మీద ఆచారి కూర్చుని ఉన్నాడు. ఎండలో. వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదట. నేను బయటికి వెళ్ళాను. గుప్పిట విప్పి ఆ నాణెం నుంచి తీసిన రింగు చూపించాడు, అదొక్కటే సాక్ష్యం అన్నట్టు. ఏదో వేడుకుంటాడనుకున్నాను. అతను అడిగింది వేరు.

"అమ్మా, నువ్వు సదువుకున్నదానివి. నిప్పు ఎక్కువైపోతే ఎండి రాగైపోద్దా? నానే పాడు సేసినానేటి?"

నిన్నటి నుంచీ ఈ మనిషి తన మీద తానే అనుమానపడుతున్నాడు.

"అవదు బాబాయ్. వెండి ఎంత కాల్చినా రాగి కాదు," అన్నాను.

"మరా రాగి ఎక్కడ్నుంచొచ్చింది?"

దానికి జవాబు చెప్పబోయి ఆగిపోయాను. రాగి ఎక్కడి నుంచీ రాలేదు. ముందునుంచీ లోపలే ఉంది. మరి ఆ గాటు నోరు మూసి పెట్టిందేమిటి? కొద్దిపాటి మంటకే కరిగిపోయేదేదో అయి ఉండాలి. పరుగున లోపలికి వెళ్ళాను.

భూతద్దం కింద గాటు మూల మూలా వెతికాను. ఇత్తడి బ్రష్షు అంతా తోమేసింది. ఆచారి ఆచారం అతని సాక్ష్యాన్ని అతని చేతే తుడిపించేసింది. కాని గాటు బాగా లోపల, బ్రష్షు వెంట్రుక దూరని చోట, బూడిద రంగు నలుసు ఒకటి అంటుకుని ఉంది. సూదితో గీకి నైట్రిక్ యాసిడ్‌లో వేశాను. అడుగున తెల్లటి మడ్డి మిగిలింది, అది తగరం. పైనున్న నీటిలోంచి వెండిని తీసేసి, సీసం పట్టిచ్చే మందు వేసి చల్లార్చాను. పసుప్పచ్చని రేకులు మెల్లగా దిగాయి, అది సీసం. నాణెం అంచు నుంచి కూడా కొంచెం గీకి అదే పరీక్ష చేశాను. మడ్డి లేదు, రేకులూ లేవు. తగరం, సీసం కలిస్తే టంకం. ఎవరో ఆ పాత గాటుని టంకంతో పూడ్చి, పైన నల్లరంగు పట్టించి, గాటు లేని నాణెమని అమ్మారు.

లక్క ముద్ర

జోగారావుగారు గడియారం చూసుకుంటున్నారు. జరిగింది చెప్పాను.

"టంకం ఆచారి దుకాణంలో లేదా? వాడి దగ్గరున్న ఏదో దొంగ నాణేనికి వాడే పూసి ఉంటాడు. నేను అడిగిన వాక్యం రాయి."

"రాస్తాను సార్. ముందు మీ లక్క ముద్ర చూపించండి."

"ఎందుకు?"

"ఇది మీరిచ్చిన నాణెమో కాదో నాకు తెలీదు. నమూనా వెనకాల ఏటుందో అడక్కుండా సంతకం పెట్టొద్దని మీరే చెప్పారు."

గదిలో అందరూ పని ఆపేశారు. ఆయన ముఖం ఎర్రబడింది. "నువ్వెవరి జీతం తింటున్నావు?" అన్నారు. ఇంటి అద్దె, అమ్మ మందులు గుర్తొచ్చాయి. ఈ ల్యాబు పోతే హథ్‌ఖోజ్‌లో ఇంకో ల్యాబు లేదు. బల్ల పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఆయన విసురుగా బయటికి వెళ్ళారు. స్కూటరు స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఠాణాకే వెళ్ళిపోయారనుకున్నాను. గేటు బయట ఆచారి కూడా అలాగే అనుకున్నాడు కాబోలు, లేచి నిలబడ్డాడు.

ఆయన ఇంటికి వెళ్ళి వచ్చారు. లక్క ముద్ర తెచ్చి నా బల్ల మీద విసిరారు. "చూడు. చూసి సిగ్గుపడు."

"మీరే చూడండి సార్," అని భూతద్దం ఇచ్చాను.

లక్కనీ నాణేన్నీ పక్కపక్కన పెట్టి వంగారు. అంచు మీద అదే చీలిక. అక్షరాలు అదే చోట తెగిపోయాయి. కుర్చీలో ఆడమనిషి పాదం అదే విధంగా అంచు బయటికి పోయింది. తర్వాత ఒక్క వేలు లక్క మీద, చక్రవర్తి మెడ దగ్గర పెట్టారు. అక్కడ సన్నని గీత ఉంది. దండ రిబ్బను అని ఆయన మా అందరికీ చూపించిన గీత. నాణెం మీద సరిగ్గా అక్కడే గాటు ఉంది.

"ఇది రిబ్బను కాదు," అన్నారు. ఎంత నెమ్మదిగా అన్నారంటే పక్క బల్ల వాళ్ళకి వినపడలేదు. ఆయన కల పోయిందని ఆ గొంతులో తెలిసింది. జాలి వేసింది. కోపం కూడా పోలేదు.

హిందీలో

ఆ సాయంత్రం ముగ్గురం ఖుర్సీపార్ వెళ్ళాం. సందు నిండా జనం ఉన్న వేళ. జోగారావుగారు దుకాణం గట్టు మీద కూర్చుని, ముందుకి వంగి, తగ్గు గొంతుతో, "ఆచారీ, తప్పు నాదేనోయ్. నాణెం అదే," అన్నారు.

ఆచారి చేతులు కట్టుకున్నాడు. "హిందీలో సెప్పండి బాబూ."

"ఏటి?"

"నిన్న హిందీలో అన్నారు కదా. ఇప్పుడూ అదే బాసలో సెప్పండి. లేచి నిలబడి సెప్పండి."

జోగారావుగారు నా వైపు చూశారు. నేను సాయం చెయ్యలేదు. ఆయన లేచారు. పాన్ డబ్బా వైపు తిరిగి గొంతు సవరించుకున్నారు. "సిక్కా వహీ హై. ఇస్‌నే నహీఁ బద్‌లా. గల్తీ మేరీ థీ." నాణెం అదే, ఇతను మార్చలేదు, తప్పు నాది. మొదటిసారి అన్నంత గట్టిగా రాలేదు, కాని సందుకి వినపడింది. బిహారీ భయ్యా తమలపాకు మీద సున్నం రాయడం ఆపి విన్నాడు.

నాకు హమ్మయ్య అనిపించింది. జోగారావుగారికి ఇంకా ఏదో చెయ్యాలనిపించినట్టుంది. జేబులోంచి ఇంకో నాణెం తీశారు. ఆయన దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మంచిది. దానికీ ఎవరో రింగు అతికించి ఉన్నారు. అందరూ చూస్తుండగా ఆచారి అరచేతిలో పెట్టి వేళ్ళు మూశారు.

"దీని రింగు కూడా నువ్వే తియ్యి. తూకం వద్దు. నమ్మకం మీద ఇస్తున్నాను."

ఆచారి ఆ నాణేన్ని ఒకసారి తిప్పి చూశాడు. పక్కనున్న త్రాసుని దగ్గరికి జరుపుకుని పళ్ళెంలో పెట్టాడు.

"ఆ రోజూ నమ్మకం మీదే ఇచ్చారు బాబూ," అని, ముల్లు నిలిచాక తూకాన్ని సందంతా వినేలా హిందీలో చదివాడు.